గొడ్డు రోగంతో పోతే పరిహారం ఎలా వస్తుంది, కళేబరం ఎక్కడికి పోవాలి? (కృష్ణా పశ్చిమ డెల్టా)

మెరకచేను, తెనాలి

కాలువలకు నీళ్లు వదిలే రోజులు దగ్గరపడ్డాయి. ఏటా ఇదే వరస. తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడుతుంది, దాని మధ్యలో ఉబ్బిన గేదె కళేబరమో, గోతంలో మూతి కట్టిన చచ్చిన కోళ్లో తేలుతుంటాయి. ఆ నీళ్లే దిగువ ఊళ్ల తాగునీటి చెరువులకు ఎక్కుతాయి.

ఇక్కడ రెండు సంగతులు తేల్చుకుందాం. రోగంతో పశువు పోతే డబ్బు ఏ దారిన వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది? ఆరడుగులు తవ్వితే ఊట పడే మన పల్లపు నేలల్లో కళేబరాన్ని ఏం చెయ్యాలి? నా మాట ముందే చెబుతున్నా. కాలువలో పడేసినవాడికి పరిహారం రూపాయి కూడా ఇవ్వకూడదు. కాదనేవాళ్లు కారణం చెప్పి కాదనండి.

పశువైద్యం, గుంటూరు

మెరకచేను గారూ, మీ వాదన తర్వాత చూద్దాం. ముందు ఒక గందరగోళం తీసెయ్యాలి. మనం పరిహారం అని ఒక్క మాటతో అనేవి మూడు వేర్వేరు ఖాతాలు.

మొదటిది విపత్తు సాయం. వరద, తుపాను లాంటివాటిలో పోయిన పశువుకే ఇస్తారు. 2022-26 నిబంధనల ప్రకారం పాలిచ్చే ఆవుకు, గేదెకు 37,500 రూపాయలు, గొర్రెకు, మేకకు 4,000, కోడికి 100. రోగంతో పోతే ఈ ఖాతాలో ఏమీ రాదు. గురక వ్యాధితో పోయిన గేదెకు ఇందులో అర్జీ పెట్టుకుని నెలలు తిరిగేవాళ్లు ఉన్నారు, అది వృథా.

రెండోది బీమా. జాతీయ పశుధన మిషన్ కింద 2024 నుంచి రైతు వాటా ప్రీమియంలో 15 శాతమే, మిగతాది ప్రభుత్వాలు కడతాయి. ఒక రైతుకు 10 పెద్ద పశువుల దాకా. గొర్రెలు, మేకలైతే పదింటిని ఒక పెద్ద పశువుగా లెక్కేస్తారు. రోగంతో పోయినా ప్రమాదంలో పోయినా వర్తిస్తుంది. క్లెయిముకు నాలుగు కాగితాలు చాలు: కంపెనీకి ఇచ్చిన సమాచారం, పాలసీ, క్లెయిము ఫారం, పోస్టుమార్టం నివేదిక. అవి ఇచ్చిన 15 రోజుల్లో డబ్బు రావాలి. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ కలిపి ఇవ్వాలని మార్గదర్శకాల్లోనే ఉంది. అందుకే కాగితాలు ఇచ్చిన రోజున తేదీ వేసి రసీదు రాయించుకోండి, వడ్డీ అడగాలంటే అదే ఆధారం.

మూడోది వధ పరిహారం. బర్డ్ ఫ్లూ లాంటి రోగం వచ్చినప్పుడు ప్రభుత్వమే చంపించిన కోళ్లకు ఇచ్చేది. దీని సంగతి కోళ్ల ఫారాలవాళ్లు రాస్తే బాగుంటుంది.

కొల్లిపర_పాడి

బీమా చేసిన పశువు చెవి ట్యాగు ఊడిపోతే క్లెయిము పోయినట్టేనా అండీ? గడ్డివాముకు రాసుకుని ఊడేవి చాలా ఉంటున్నాయి.

పశువైద్యం, గుంటూరు

పశువు బతికుండగా ఊడితే పోయినట్టు కాదు. అదే వారంలో రైతు సేవా కేంద్రంలో చెప్పి కొత్త ట్యాగు వేయించి, ఆ 12 అంకెల కొత్త నంబరు కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి పాలసీలో మార్పించుకోవాలి. చనిపోయాక చెవిలో ట్యాగు లేదంటే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఊడటానికి అసలు కారణం వేసిన చోటే. చెవి అంచుకు దగ్గరగా వేస్తే నెలల్లోనే చీరుకుపోతుంది. చెవి మధ్యలో, తలవైపు సగంలో, రెండు లావు నరాల నడుమ పడాలి. వేశాక వారం పాటు పోవిడోన్ అయోడిన్ పూయకపోతే వానాకాలంలో ఈగ వాలి పురుగు పడుతుంది, గేదె చెవి గుంజకు రుద్దుకుంటుంది, ట్యాగు పోతుంది.

గంపలోకోడి, విజయవాడ

వధ పరిహారం నేను రాస్తాను. ఇందులో ఒక్క వాక్యం గుర్తుంటే చాలు: ప్రాణంతో ఉండగా లెక్కపెట్టి చంపిన కోడికే డబ్బు. పశుసంవర్ధక శాఖ బృందం వచ్చేలోపు చచ్చిన కోడికి రాదు. వాళ్లు ధ్వంసం చేసిన గుడ్లకు, దాణాకు కూడా ఇస్తారు, అందుకే పంచనామాలో ఆ రెండూ కిలోల్లో, సంఖ్యలో ఎక్కాయో లేదో చూసుకుని సంతకం పెట్టాలి.

దీన్నిబట్టి ఎవరు నష్టపోతారో లెక్క వేసుకోండి. 20,000 లేయర్ల (గుడ్లు పెట్టే కోళ్ల) షెడ్డులో రోజుకు ఐదు నుంచి పది పోవడం మామూలే. ఒకరోజు 50, మర్నాడు 100, తర్వాత 200, 400, 800 అని పోయాయనుకుందాం. ఐదు రోజులు దాచిపెడితే 1,550 కోళ్లు పరిహారం లేకుండా పోయినట్టే, ఆరో రోజు లెక్క ఇంకా దారుణంగా ఉంటుంది. రెండో రోజే చెబితే నష్టం 150 దగ్గర ఆగేది. నమూనా భోపాల్ హై సెక్యూరిటీ ల్యాబుకు వెళ్లి నిర్ధారణ రావాలి, దానికీ సమయం పడుతుంది. కాబట్టి మామూలుకు మూడు రెట్లు పోయిన రోజే ఫోను చెయ్యాలి.

నిర్ధారణ అయితే చుట్టూ 1 కిలోమీటరు రోగ ప్రాంతం, 10 కిలోమీటర్ల దాకా నిఘా ప్రాంతం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనూ, మన ఎన్టీఆర్ జిల్లాలోనూ ఇదే అమలు చేశారు. ఆ పది కిలోమీటర్లలో ఉన్న ప్రతి ఫారానికీ అమ్మకం ఇబ్బందే. ఒకడు దాచిన రోగానికి పది ఊళ్లు తలుపులు మూసుకోవాల్సి వస్తుంది.

పూడ్చడం లెక్క కూడా ఇస్తున్నా. బర్డ్ ఫ్లూ జాతీయ కార్యాచరణ ప్రణాళికలో 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గోతిలో సుమారు 1,800 కోళ్లు పడతాయని ఉంది, అదీ సగటు బరువు 1.8 కిలోలైతే. 20,000 కోళ్లకు అదే వెడల్పు, లోతుతో 22 నుంచి 23 మీటర్ల కందకం కావాలి. ఇంత నేల షెడ్డు పక్కన మెరకగా ఉందా అని రోగం రాకముందే చూసుకోవాలి.

డెల్టానీరు

గంపలోకోడి గారు మెరక అన్నారు కాబట్టి నేల సంగతి నేను రాస్తా. ఈ చర్చలో అన్నిటికన్నా పెద్ద తప్పులు జరిగేది ఇక్కడే.

పెద్ద గేదె 450 కిలోలనుకుంటే గొయ్యి 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు. జేసీబీకి గంట పని. కళేబరం మీద కనీసం మూడడుగుల మట్టి పడాలి, పైన మరో అడుగున్నర గుట్టగా పొయ్యాలి. లోపల కుళ్లేకొద్దీ మట్టి దిగుతుంది, గుట్ట లేకపోతే అక్కడ గుంట పడి వాననీరు నిలుస్తుంది. ఆ నీరు నేరుగా లోపలికి ఇంకుతుంది. పైన తుమ్మ కంప పరిచి రాళ్లు పెడితే కుక్కలు తవ్వవు.

ఇదంతా నరసరావుపేట వైపు మెట్టలో సరిపోతుంది. దుగ్గిరాల, కొల్లిపర, రేపల్లె వైపు సరిపోదు. పెద్ద పశువు నుంచి మొదటి రెండు నెలల్లో దాదాపు 160 లీటర్ల ద్రవం కారుతుంది, అందులో సగం మొదటి వారంలోనే. ఊట ఐదడుగుల్లో ఉన్నచోట ఎనిమిదడుగుల గొయ్యి తవ్వితే ఆ ద్రవాన్ని చేతులారా బోరులో పోసినట్టే. పైగా నీళ్లలో కళేబరం తేలి మట్టిని పైకి తన్నుతుంది.

పరీక్ష చాలా సులువు. మట్టి తోడే నాలుగంగుళాల చేతి బరమాతో, అదీ లేకపోతే గునపంతో, పన్నెండు అడుగుల గుంత వేసి ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున ఒక కర్రకు పొడి ముగ్గు రాసి దించితే ఎక్కడిదాకా తడిసిందో కనిపిస్తుంది. గొయ్యి అడుగుకీ ఆ తడి గీతకీ మధ్య కనీసం మూడడుగులు పొడి మట్టి ఉండాలి. లేకపోతే పూడ్చొద్దు. కాలువలు కట్టేసిన మే నెలలో సరేనన్న చోటే అక్టోబరు, నవంబరుల్లో ఊట పైకి వచ్చేస్తుంది, కాబట్టి వేసవి కొలత చూసి మోసపోవద్దు.

దూరాలకు బ్రిటన్ పాటించే కొలతలు మనకూ పనికొస్తాయి: తాగే బావికో బోరుకో 250 మీటర్లు, కాలువకు 30 మీటర్లు, పొలం మురుగు బోదెకు 10 మీటర్లు. మన చిన్న కమతాల్లో 250 మీటర్లు దొరకడం కష్టమే, నిజం. అందుకే పూడ్చడం కాకుండా వేరే దారి కావాలి.

ఊకఎరువు

ఆ వేరే దారి నేల మీదే ఎరువు చెయ్యడం. తవ్వే పని లేదు, ఊటతో గొడవ లేదు. ప్రసవంలోనో పొట్ట ఉబ్బరంతోనో ముసలితనంతోనో పోయిన గొడ్డుకు ఇది బాగా పనికొస్తుంది. దొమ్మ రోగం (ఆంత్రాక్స్), పిచ్చికుక్క రోగం అనుమానం ఉంటే మాత్రం దీని జోలికి పోవద్దు. మిగతా అంటురోగాలకు డాక్టరు ఎలా చెబితే అలా.

పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు మెరక చోటు చూసుకుని రెండడుగుల మందాన ఊక, గడ్డి లాంటి పొడి సరుకు పరవాలి. మధ్యలో కళేబరం పడుకోబెట్టి, పొట్ట ఎడమ పక్కన పొడవాటి కత్తితో గుచ్చి గాలి తియ్యాలి. గుచ్చకపోతే మూడో రోజుకు ఉబ్బి, పగిలి, పైన కప్పిన సరుకును చీల్చుకుని వాసన బయటికొస్తుంది. పైన, పక్కల అన్ని వైపులా రెండడుగుల మందం. మొత్తం 9 ఘనపు మీటర్ల సరుకు పడుతుంది, ఊకైతే దాదాపు టన్ను.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఒట్టి ఊకతో చేస్తే ఊకలో సిలికా ఎక్కువ, అది తొందరగా కుళ్లదు, తడి పట్టుకోదు. ఊక సగం, మిగతా సగం పాత పెంట, ముక్కలు చేసిన వరిగడ్డి, మన వైపు దండిగా ఉండే మిరప కట్టె, పత్తి కట్టె కలపాలి. పిడికిట్లో పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. కారితే ఊక కలపండి, దుమ్ము రేగితే నీళ్లు చల్లండి.

వేడి ఎక్కిందా లేదా తెలియడానికి ఇనుప ఊచ చాలు. గుట్ట మధ్యదాకా దించి పది నిమిషాలుంచి తీసి పట్టుకుంటే, గుప్పిట బిగించి నిలపలేనంత కాలాలి. అంటే లోపల 55 డిగ్రీలు దాటినట్టు. మూడు రోజులు వరసగా అంత వేడి ఉంటే చాలా క్రిములు చస్తాయి. వారమైనా ఊచ గోరువెచ్చగానే ఉందంటే తడి తక్కువో, పెంట తక్కువో. మూడు నెలలకు ఒకసారి తిరగేసి మళ్లీ కప్పితే ఆరు నెలలకు పెద్ద ఎముకలు మాత్రమే మిగులుతాయి. ఆ ఎరువు మిరపకో పత్తికో వేసుకోవచ్చు, ఆకుకూరలకు వద్దు. చుట్టూ కంప కట్టడం మాత్రం తప్పదు.

గొర్రెలమంద, పల్నాడు

దొమ్మ అని అనుమానం అంటున్నారు, మరి దాన్ని గుర్తుపట్టేదెట్టా? గొర్రెల్లో రాత్రి బాగున్నది పొద్దునకు చచ్చి ఉంటుంది. చిటుక రోగంలోనూ అంతే కదా. సున్నం ఎంత పొయ్యాలి?

పశువైద్యం, గుంటూరు

మంచి ప్రశ్న. రెండూ హఠాత్తుగా చంపేవే. దొమ్మలో ముక్కు నుంచి, ఆసనం నుంచి నల్లటి రక్తం కారుతుంది, ఆ రక్తం గడ్డకట్టదు. కాళ్లు బిగుసుకోవు, పొట్ట గంటల్లోనే ఉబ్బుతుంది. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా కత్తి పెట్టొద్దు, తోలు వొలవొద్దు, కుక్కలను రానివ్వొద్దు. శరీరం లోపల ఉన్నంతవరకు ఆ క్రిమి కుళ్లుతో పాటు చస్తుంది. గాలి తగిలితే గట్టి బీజంగా మారి నేలలో దశాబ్దాలు ఉండిపోతుంది. ఒక్క గొర్రెను కోస్తే ఆ బీడు తరాల పాటు చెడుతుంది. కోసినవాళ్ల చేతులకు నల్ల పుండ్లు పడతాయి.

చెవి నరం నుంచి ఒక్క చుక్క రక్తం గాజుపలక మీద తీస్తే సూక్ష్మదర్శినిలో తెలిసిపోతుంది. ఆ పని డాక్టరే చెయ్యాలి. 1962కు ఫోను చేస్తే సంచార వాహనం వస్తుంది, నిర్ధారణకు విజయవాడలో పశువ్యాధుల పరిశోధన సంస్థ వీబీఆర్ఐ ఉంది. బీమా క్లెయిముకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది: పోస్టుమార్టం నివేదిక కావాలి, కానీ శవాన్ని తెరవకూడదు. ఎందుకు తెరవలేదో డాక్టరు నివేదికలో రాసి, రక్త పరీక్ష ఫలితం జత చెయ్యాలి. ఆ వాక్యం రాయించుకోవడం మర్చిపోతే ఫైలు వెనక్కి వస్తుంది.

సున్నం సంగతి. మామూలు రోగాలకు కళేబరం మీద ఒక పలుచని పొర చాలు, బస్తాలు గుమ్మరిస్తే కుళ్లడం ఆగి ఎండిన బొమ్మలా ఉండిపోతుంది. దొమ్మకు మాత్రం సున్నంలోని కాల్షియం బీజాలకే మేలు చేస్తుందన్న అభిప్రాయం శాస్త్రవేత్తల్లో బలంగా ఉంది. అందుకే దొమ్మ కళేబరాన్ని పూర్తిగా కాల్చడమే మేలు, రక్తం పడిన మట్టితో సహా. కుదరకపోతే ముక్కు, నోరు, ఆసనం 10 శాతం ఫార్మలిన్‌లో ముంచిన దూదితో మూసి లోతుగా పూడ్చాలి. వానలకు ముందు టీకా వేయించడం వీటన్నిటికన్నా తేలిక.

మెరకచేను, తెనాలి

ఇంత వివరంగా దారులున్నాయి కదా. అయినా కాలువలో పడేస్తున్నారంటే అది నిర్లక్ష్యమే. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టంలో రోగంతో పోయిన కళేబరాన్ని నదిలో, చెరువులో, కాలువలో వేస్తే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే 5,000 లేదా మూడు నెలల దాకా జైలు. 2,000కు ఎవరు భయపడతారు? జేసీబీ కిరాయే అంతకన్నా ఎక్కువ అవుతోంది. అందుకే పరిహారానికి ముడిపెట్టాలంటున్నా.

రెండుగేదెలు, మంగళగిరి

మెరకచేను గారూ, మీకు మెరక చేను ఉంది. రెండు గేదెలు పెట్టుకుని పాలమ్ముకునే ఆడవాళ్లలో చాలామందికి సెంటు భూమి లేదు. వాళ్ల గొడ్లు కాలువ కట్ట మీదే మేస్తాయి, అక్కడే పోతాయి. కౌలు రైతు అడిగితే ఆసామి తన పొలంలో గొయ్యి తవ్వనివ్వడు. మీ షరతు పెడితే మొదట పరిహారం పోయేది వీళ్లకే. అప్పుడు చచ్చిన గొడ్డును కాదు, జబ్బుతో ఉన్న గొడ్డునే సంతకు తోలేస్తారు. రోగం ఒక ఊరి నుంచి పది ఊళ్లకు పోతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. పాతరోజుల్లో చచ్చిన గొడ్డు తనంతట తాను మాయమయ్యేది కాదు. మాదిగ కుటుంబాల చేత ఊరంతా ఎత్తించింది, కులం పేరుతో. వాళ్లు ఆ పని మానేశారు, మానడమే న్యాయం. ఆ తర్వాత ఆ పని ఎవరిదో ఊళ్లు తేల్చుకోలేదు. పాలు తాగినవాళ్లదే ఆ పని. ప్రతి పంచాయతీ పది సెంట్లు మెరక భూమి చూపించి, ట్రాక్టరుకు, జేసీబీకి డబ్బు పెట్టాలి.

డెల్టానీరు

రెండుగేదెలు గారి మాటతో నేను ఏకీభవిస్తున్నా. అయితే పంచాయతీ స్థలం వచ్చేదాకా కాలువే గతి అనడం కుదరదు. గుంటూరు నగరానికి నీళ్లు శుద్ధి చేసే సంగం జాగర్లమూడి కేంద్రానికి వచ్చేవి కృష్ణా నీళ్లే. క్లోరిన్ చాలా క్రిములను చంపుతుంది కానీ, కుళ్లిన మాంసం కలిసిన నీళ్లలో ఆ క్లోరిన్ మురుగుతోనే ఖర్చయిపోతుంది. చిన్న ఊళ్ల చెరువుల్లో ఆ శుద్ధి కూడా అంతంతమాత్రమే.

చేపలచెరువు, కృష్ణా జిల్లా

కళేబరం గురించే మాట్లాడుతున్నారు. చావిడి కడిగిన నీళ్ల గురించీ చెప్పండి. ముద్ద చర్మ వ్యాధి (లంపీ స్కిన్) వచ్చినప్పుడు ఈగలకు, పిడుదులకు డెల్టామెత్రిన్ కొడతారు. 1.25 శాతం మందు లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు చాలు. మిగిలిన మందును బోదెలో ఒలకబోస్తున్నారు. అది చేపకూ రొయ్యకూ తేనెటీగకూ అతి తక్కువ మోతాదులోనే విషం. పంపు కడిగిన నీళ్లు సహా కాలువకు దూరంగా, గడ్డి లేని పొడి మట్టిలో పొయ్యాలి. గొడ్లను మందు కొట్టిన రోజు కాలువలో దించొద్దు.

చచ్చిన కోళ్లు ఆఫ్రికా క్యాట్‌ఫిష్ చెరువులకు పోతున్న మాట కూడా నిజం. ఆ చేప పెంపకమే నిషేధం. రోగంతో పోయిన కోడిని అమ్మితే పది రూపాయలు వస్తాయేమో, రోగం మాత్రం వ్యాను చక్రాలతో ఊరూరా తిరుగుతుంది.

పశువైద్యం, గుంటూరు

చేపలచెరువు గారికి థాంక్స్. క్రిమిసంహారం కూడా రోగాన్నిబట్టి ఉంటుంది. గాలికుంటుకు బట్టల సోడా 4 శాతం, అంటే 10 లీటర్లకు 400 గ్రాములు, చాలు. ఆ వైరస్ క్షారానికి నిలవదు. ముద్ద చర్మానికి, బర్డ్ ఫ్లూకు 2 శాతం సోడియం హైపోక్లోరైట్ (క్లోరిన్ ద్రావణం). ఏదైనా పేడ గీకి, కడిగి, ఆరాకే చల్లాలి. పేడ మీద చల్లిన క్లోరిన్ పేడకే సరిపోతుంది, వైరస్ దాకా పోదు.

చనిపోయే ముందు వేసిన ఇంజక్షన్లు కూడా లెక్కలోకి వస్తాయి. డైక్లోఫెనాక్ పశువులకు 2006లోనే నిషేధం, ఆ మందు పడిన కళేబరాలు తిని రాబందులు పోయింది దాని వల్లే. కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా 2023లో నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. జ్వరానికి, నొప్పికి మెలాక్సికామ్ అడగండి. రాబందులు లేనిచోట కళేబరాల మీద కుక్కలు పెరుగుతాయి, ఆ కుక్కలే మళ్లీ దూడలను కరుస్తాయి.

మెరకచేను, తెనాలి

రెండుగేదెలు గారూ, మీ మాట విన్నాక నా మాట మార్చుకుంటున్నా. రూపాయి ఇవ్వకూడదన్నది తప్పు. ఇలా అందాం: ముందు చెప్పినవాళ్లకు, ట్యాగు చూపి డాక్టరు ముందు పూడ్చినవాళ్లకు, పూడ్చిన ఖర్చు కూడా పరిహారంలో కలిపి ఇవ్వాలి. మా పంచాయతీకి పది సెంట్ల మెరక స్థలం కోసం అర్జీ రాస్తున్నా, డెల్టానీరు గారు చెప్పిన బరమా పరీక్ష ఫలితం జత చేసి.

కొల్లిపర_పాడి

చివరిగా ఒకటి. రాత్రి పదింటికి పోతే డాక్టరు వచ్చేది పొద్దున. ఎండాకాలంలో అప్పటిదాకా ఎలా ఉంచాలి?

పశువైద్యం, గుంటూరు

వెంటనే 1962కు చెప్పండి, బీమా కంపెనీకి ఆ రాత్రే సందేశం పంపండి. ట్యాగు నంబరు చదవగలిగేలా తల పక్కనుంచి ఒక ఫొటో, మొత్తం శరీరం కనిపించేలా రెండో ఫొటో. మిగతా గొడ్లను ఎగువకు కట్టెయ్యండి. కళేబరాన్ని తోలు గీరుకునేలా ఈడ్చొద్దు, గడ్డి పరిచిన చోటికి టార్పాలిన్ మీద జరపండి. పైన తడి గోనెసంచులు కప్పి రెండు గంటలకోసారి తడపండి. తల కొంచెం ఎత్తులో ఉంచితే నోట్లోంచి ద్రవం కారదు. ముక్కులోంచి నల్లరక్తం కనిపిస్తే మాత్రం ఏదీ ముట్టుకోకుండా చుట్టూ కంప వేసి, ఆ మాట ఫోనులో ముందే చెప్పండి. డాక్టరు గాజుపలకలు తెచ్చుకుంటారు.